అమ్మ ఫోన్‌కు ఏడాది ప్లాన్: వాడి చూశాక నాకు తెలిసింది

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తిలో, అంటే కమీషన్ దుకాణంలో, లెక్కలు రాస్తాను. ఉండేది కాశిబుగ్గలో. మా ఇంటి మీద నాలుగు ప్రీపెయిడ్ సిమ్‌లు నడుస్తున్నాయి: నాది, మా ఆవిడది, బ్యాంకు కోసం ఉంచుకున్న నా పాత నంబరు, తాడ్వాయి మండలంలో మా ఊళ్లో ఉండే అమ్మది. 2024 జులై మొదటి వారంలో ప్రైవేటు కంపెనీలన్నీ వరసపెట్టి రేట్లు పెంచాయి. అప్పుడు అందరిలాగే నేనూ నాలుగు రోజులు తిట్టుకుని, మళ్లీ పాత పద్ధతిలోనే రీఛార్జ్ చేస్తూ పోయాను. ఆ పద్ధతి మార్చింది ఆ ఏడాది ఆగస్టు ఆఖరి రోజు.

ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో సుడిగాలి లాంటిది వచ్చి వేల చెట్లు నేలకూలాయి. వరంగల్లోనూ ఆ రెండు రోజులు ఒకటే వాన. అమ్మకు ఫోన్ చేస్తే కలవలేదు. గాలికి టవర్ పడిపోయిందేమో అనుకున్నా. పదిసార్లు చేశాక గానీ అవతలి గొంతు ఏం చెబుతోందో సరిగా వినలేదు. స్విచ్ ఆఫ్ అనలేదు, కవరేజీ లేదనీ అనలేదు. ఈ నంబరుకు ఇన్‌కమింగ్ సదుపాయం లేదు అంటోంది. అంటే ఫోన్ బాగుంది, టవర్ బాగుంది, రీఛార్జ్ అయిపోయింది.

పక్కింటి తమ్ముడికి వేరే కంపెనీ సిమ్ ఉంది, అతనికి చేశా. "చిన్నమ్మ మంచిగనే ఉన్నది అన్నా, ఇగో ఇస్తున్న మాట్లాడు" అని అమ్మకిచ్చాడు.

"రీఛార్జ్ అయిపోయిందే అమ్మా" అంటే, "అయిపోవుడేంది బిడ్డా, దుకాణం పిలగాడు మొన్ననే ఏసిండు. పైసలు గూడ ఇచ్చిన" అంది.

తర్వాత ఊరికి పోయినప్పుడు అమ్మ ఫోన్ చూస్తే సంగతి తెలిసింది. అది బటన్ల ఫోను, వెనక మూత ఊడిపోతుందని రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. మెసేజ్‌లలో కంపెనీ నుంచి వచ్చినవే నలభై దాకా ఉన్నాయి, ఒక్కటీ తెరిచి లేదు. అందులో వ్యాలిడిటీ అయిపోతోందని చెప్పేవి మూడు. దుకాణం అబ్బాయి వేసింది ఓ చిన్న డేటా ప్యాక్. డేటా ప్యాక్‌తో ఇంటర్నెట్ వస్తుంది గానీ సిమ్ వ్యాలిడిటీ పెరగదు. అమ్మ ఫోన్‌లో ఇంటర్నెట్టే లేదు. గడువు తీరగానే ముందు అవుట్‌గోయింగ్ ఆగింది. అమ్మ తనంతట తాను ఎవరికీ చేయదు, మేం చేస్తే ఎత్తుతుంది. అందుకే అది ఎవరికీ తెలియలేదు. ఇంకొన్ని రోజులకు ఇన్‌కమింగ్ కూడా ఆగింది, సరిగ్గా ఆ గాలివాన రోజుల్లో.

దుకాణం అబ్బాయిని నేనేమీ అనలేదు. పెద్దావిడ ఉన్న డబ్బు ఇచ్చి రీఛార్జ్ వెయ్యమంటే, ఆ డబ్బుకు వచ్చేది అతను వేశాడు. ఊళ్లలో తల్లిదండ్రులున్న ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: ఇరవై, ముప్పై రూపాయలకు దొరికేవి దాదాపు అన్నీ డేటా ప్యాక్‌లే. నంబరును బతికించేవి కావు.

ఆ రాత్రి కూర్చుని మొదటిసారి రీఛార్జ్ లెక్క వేశాను. నెలకోసారి వేస్తున్నాం అనుకుంటాం గానీ 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు. 28 రోజులకు 199 చొప్పున ఏడాదికి 2587 రూపాయలు. రోజుకు ఏడు రూపాయల పైన. 336 రోజులు అని కనబడే ప్లాన్లు కూడా ఈ లెక్కలోవే, పన్నెండు ఇరవై ఎనిమిదులు. ఏడాది ప్లాన్ అని దుకాణంలో చెబుతారు, 29 రోజులు తక్కువ. అప్పటి నుంచి ఏ ప్లాన్ చూసినా ధరను రోజులతో భాగించి గానీ మాట్లాడను. 2022 నుంచి ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీకి వచ్చే ప్లాన్ ఒకటి ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టింది. తేదీ గుర్తుండని వాళ్లకు అవి నయం. అడిగితే తప్ప దుకాణంలో ఎవరూ చెప్పరు.

2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఇంకో మంచి పని చేసింది. డేటా అక్కర్లేని వాళ్ల కోసం కేవలం మాటలు, ఎస్‌ఎంఎస్‌లతో ఒక ప్లాన్ అయినా ఉండాలంది. జనవరిలో అవి వచ్చాయి. అప్పట్లో ఎయిర్‌టెల్‌లో 469కి 84 రోజులు, 1849కి 365 రోజులు. జియోలో 448కి 84 రోజులు, 1748కి 336 రోజులు. రోజుకు అటూ ఇటుగా ఐదు రూపాయలు. 28 రోజుల చిన్న ప్లాన్‌తో పోలిస్తే కంపెనీని బట్టి ఏడాదికి ఐదు వందల నుంచి ఏడు వందల దాకా మిగిలేది.

2025 ఫిబ్రవరి మధ్యలో అమ్మ సిమ్‌కు ఏడాది మాటల ప్లాన్ వేశాను. ఇది రాస్తున్న 2026 జనవరికి పదకొండు నెలలు. ఒక్క రోజు కూడా ఫోన్ ఆగలేదు. పెన్షన్ మెసేజ్, ఆధార్ ఓటీపీ, బ్యాంకు మెసేజ్ అన్నీ వస్తున్నాయి. దుకాణం వైపు పోయే పనే లేదు. అమ్మ అయితే "ఏడాది దాక ఏసినవా, గన్ని పైసలా" అని మొదట గొడవపెట్టింది. రోజుకు ఐదు రూపాయలని చెబితే, "చాయ కన్న తక్కువనే" అని ఊరుకుంది.

దీనికి లోట్లు లేవని కాదు. ఒకేసారి పద్దెనిమిది వందలు తియ్యాలి, అది అందరికీ వీలయ్యేది కాదు. మధ్యలో టవర్ పాడై పోర్ట్ అవుదామంటే, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి మారదామంటే, మిగిలిన రోజులు మనతో రావు, ఆ డబ్బు పోయినట్టే. పండక్కి మనవరాలు వీడియో కాల్‌లో చూపిస్తానని స్మార్ట్ ఫోన్ తెచ్చినప్పుడు అమ్మ సిమ్‌లో డేటా లేక నా హాట్‌స్పాట్ మీదే నడిపాం. ఏడాదికి ఒకటి రెండుసార్లే కాబట్టి మాకు సరిపోయింది. రోజూ వీడియో కాల్ మాట్లాడే తల్లిదండ్రులకు ఈ ప్లాన్ పనికిరాదు.

అమ్మ సిమ్ ఏ కంపెనీదో కావాలనే చెప్పడం లేదు. మా ఊళ్లో అందే టవర్ మీ ఊళ్లో అందాలని లేదు. హనుమకొండ నుంచి బస్సు ఎక్కి ములుగు, పస్రా దాటి అడవిలోకి పోతుంటే ఫోన్ పైన గీతలు ఒక్కొక్కటే పడిపోవడం ఈ దారిన పోయే ప్రతి ఒక్కరూ చూసిందే. వరంగల్ చౌరస్తాలో నాలుగు గీతలు చూపించే సిమ్ అక్కడ ఫోన్‌ను వట్టి గడియారం చేస్తుంది. ఏడాది డబ్బు కట్టే ముందు నేను అడ్తిలో పనిచేసే ఇద్దరి దగ్గర వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఒక ఆదివారానికి అడిగి తీసుకుని ఊరికి పోయాను. పెంకుటింట్లో అమ్మ మంచం దగ్గర, వాకిట్లో, బాయి కాడ, మూడు చోట్ల మూడు సిమ్‌లూ మార్చి మార్చి కాల్ చేసి చూశాను. వాకిట్లో మూడూ పలికాయి. మంచం దగ్గర ఒక్కటే పలికింది. రాత్రి జ్వరమొస్తే అమ్మ ఉండేది మంచం దగ్గరే కదా. అక్కడ పలికిన సిమ్‌కే వేశాను, రెండోదానికన్నా కొంచెం ధర ఎక్కువైనా సరే.

పగలు ఒకసారి, కరెంటు పోయినప్పుడు ఒకసారి చూడండి. కరెంటు పోయిన గంటకు చచ్చిపోయే టవర్లుంటాయి.

ఇక నా సంగతి. మిర్చి సీజన్లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, లాట్ల ఫొటోలు, వీడియోలు వ్యాపారులకు పంపుతూనే ఉండాలి. రోజుకు 1 జీబీ దాటుతుంది. వానాకాలంలో అర జీబీ కూడా కాదు. ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ అని ఉంటుంది, నెలకు ఎంత వాడామో అదే చెబుతుంది. అది చూడకుండా చాలామంది రోజుకు 2 జీబీ ప్లాన్ వేసుకుంటారు. రోజువారీ కోటాలో మిగిలింది రాత్రి పన్నెండుకు పోతుంది, రేపటికి కలవదు. నేను జియోలో 799 రూపాయల 84 రోజుల ప్లాన్ వాడాను, రోజుకు 1.5 జీబీ. రోజుకు తొమ్మిదిన్నర పడింది. అదే 1.5 జీబీ 28 రోజులకు 299 పెడితే రోజుకు పదిన్నర దాటేది. ఏడాదికి నాలుగు వందల తేడా. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడు జియోలో అన్‌లిమిటెడ్ 5జీ కావాలంటే రోజుకు 2 జీబీ లేదా ఆపైన ఉన్న ప్లానే వేయాలన్నారు. నా ఫోన్ 4జీదే కాబట్టి ఆ అదనం నాకు దండగ.

మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమెకు 189 రూపాయల ప్లాన్, 28 రోజులకు 2 జీబీ మాత్రమే. సాయంత్రం నేను ఇంటికొచ్చాక నా మిగిలిన కోటా హాట్‌స్పాట్ పెడితే బ్లౌజు డిజైన్లు అప్పుడు చూసుకుంటుంది. మొదట్లో ఆమె 2 జీబీ వారంలోనే అయిపోయేది. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపి, యాప్‌ల ఆటో అప్‌డేట్ కూడా తీసేశాం. ఇప్పుడు నెలాఖరుకు కొంచెం మిగులుతోంది కూడా.

బ్యాంకు నంబరు దగ్గర మాత్రం టెన్షన్ పడ్డాను. వాడకం లేదు కదా అని రెండు నెలలు రీఛార్జ్ వదిలేశా. ఫోన్ మార్చినప్పుడు యూపీఐ మళ్లీ పెట్టబోతే జరగలేదు. యూపీఐ కొత్తగా పెట్టేటప్పుడు మన సిమ్ నుంచి బ్యాంకుకు ఒక ఎస్‌ఎంఎస్ బయటికి పోవాలి. వ్యాలిడిటీ లేకపోతే అది పోదు. అడ్తిలో అందరికీ కూలి డబ్బులు పంపాల్సిన రోజు అది. ఇంకో విషయం, 90 రోజులు ఏ వాడకమూ లేని నంబరును కంపెనీ రద్దు చేయొచ్చు. మెయిన్ బ్యాలెన్స్‌లో కనీసం 20 రూపాయలు ఉంటే అందులోంచి కోసుకుని నంబరు నిలబెడతారు. రద్దయిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరికి ఇస్తారు. మన బ్యాంకు ఖాతాకు ఆ నంబరే ఉంటే ఓటీపీలు ఎవరికి పోతాయో ఆలోచించండి. బ్యాంకు, ఆధార్ ఉన్న నంబరును చిన్న ప్లాన్‌తోనైనా బతికించుకోవాల్సిందే.

రేట్లు పెరిగినప్పుడు మా కాశిబుగ్గలో చాలామంది బీఎస్‌ఎన్‌ఎల్‌కు పోర్ట్ అయ్యారు. ధర పరంగా అది నిజంగానే తక్కువ. పోర్ట్ అవ్వాలంటే పోర్ట్ అని ఆంగ్ల అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, మన నంబరు రాసి 1900కి ఎస్‌ఎంఎస్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే పనిచేస్తుంది. మన సర్కిల్‌లో, అంటే ఒకే టెలికాం ప్రాంతంలో, మూడు పనిదినాల్లో మారిపోతుంది. తెలంగాణ వచ్చినా టెలికాం లెక్కలో మనదీ ఆంధ్రదీ ఇంకా ఒకే సర్కిల్, కాబట్టి విజయవాడలో కొన్న సిమ్ అయినా ఇదే పద్ధతి. ఒకసారి మారితే 90 రోజుల దాకా మళ్లీ మారలేం. అందుకే గొడుగు వేసుకుని రోడ్డు మీద ఉచితంగా సిమ్ ఇచ్చేవాళ్ల మాట మీద మారొద్దు. ముందు ఎవరిదైనా సిమ్ అడిగి ఇంట్లో, పనిచేసే చోట పెట్టి చూసుకోండి.

చిన్న విషయమే, అయినా చెబుతా. కొన్ని పేమెంట్ యాప్‌లు రీఛార్జ్‌కు ఒకటి నుంచి మూడు రూపాయలు అదనంగా తీసుకుంటున్నాయి. కంపెనీ సొంత యాప్‌లో వేస్తే నాకు అది పడలేదు. వంటింట్లో క్యాలెండర్ మీద నాలుగు సిమ్‌ల గడువు తేదీలకూ రెండు రోజుల ముందు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెడుతుంది మా ఆవిడ. యాప్ గుర్తుచేయడం కన్నా మాకు అదే బాగా పనిచేసింది.

ఫిబ్రవరి 17న అమ్మ ప్లాన్ అయిపోతుంది. ఈ జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర. జాతర రోజుల్లో తాత్కాలిక టవర్లు పెడతారు కాబట్టి అప్పుడు చూసే సిగ్నల్‌ను లెక్కలోకి తీసుకోను. జనమంతా వెళ్లిపోయాక, ఫిబ్రవరి 8 ఆదివారం మళ్లీ మూడు సిమ్‌లు పట్టుకుని ఊరికి పోతున్నా. అమ్మ మంచం దగ్గర ఇప్పుడూ అదే పలికితే మళ్లీ ఏడాదికి వేస్తా. లేకపోతే 84 రోజులకు వేసి, పోర్ట్ సంగతి చూస్తా.