పెల్లెట్ లూబ్ సీసా: పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపి పెట్టుకునే ఎయిర్ గన్) ఉంటే కొనుక్కోండి, స్ప్రింగ్ గన్ అయితే దాని జోలికి పోవద్దు

మా అనంతపురంలో ఎయిర్ రైఫిల్ సామాను దొరికేదే తక్కువ. పెల్లెట్ (దాంట్లో వేసి కాల్చే చిన్న సీసం గుండు) డబ్బా దొరికితే అదే గొప్ప, ఇంక పెల్లెట్లకి పూసే లూబ్, అదే జారుడు ఆయిల్, కావాలన్నా అంటే షాపాయన గ్రీజు డబ్బా తీసి చూపించినాడు. ఆయన్ని అని ఏం లాభం, ఈ ఊర్లో అది అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు. అందుకే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. చిన్న సీసా, కొరియర్‌తో కలిపి ఏడొందల లోపే పడింది, లేబుల్ మీద ఎయిర్ రైఫిల్ పెల్లెట్ లూబ్రికెంట్ అని పెద్ద అక్షరాలతో ఉంది గానీ లోపల ఏముందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. కొన్ని నెలల నుంచి వాడతాండా, ఇప్పుడు నాకో అభిప్రాయం వచ్చింది కాబట్టి రాస్తాండా.

ముందు ఇది ఎవరికి అవసరమో చెప్తా, ఎందుకంటే సగం మందికి అవసరమే లేదు. మన దేశంలో లైసెన్స్ లేకుండా పెట్టుకోవాలంటే బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 0.177 అంగుళాలు దాటకూడదు, పవర్ 20 జౌళ్లు దాటకూడదు. ఆ 20 జౌళ్లకి లెక్క వేసుకుంటే 8.44 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే పెల్లెట్ బరువు కొలత) పెల్లెట్ సెకనుకి సుమారు 270 మీటర్లు పోతుంది, అంటే 885 అడుగుల పైమాట. అదే 7 గ్రెయిన్ తేలిక పెల్లెట్ వేస్తే 970 అడుగుల దాకా పోతుంది, 10.34 గ్రెయిన్ బరువుది వేస్తే 800 దగ్గర ఆగుతుంది. బ్యారెల్‌లో సీసం పట్టడం అనే తలనొప్పి ఈ స్పీడ్ పెరిగే కొద్దీ పెరుగుతుంది. 10 మీటర్ల మ్యాచ్ రైఫిల్ కాల్చేవాళ్లవి 550, 600 అడుగుల స్పీడ్‌లు, వాళ్లకి ఇవన్నీ అక్కర్లే.

ఈ లూబ్ పీసీపీలోనే ఎందుకంటే, స్ప్రింగ్ గన్‌లో (స్ప్రింగ్ పిస్టన్‌ని తోస్తే ఆ గాలికి పెల్లెట్ పోయే రకం) పిస్టన్ చాంబర్‌లో ఉండే కొంచెం ఆయిల్ ప్రతి షాట్‌కీ ఆవిరి మాదిరి బ్యారెల్‌లోకి పోతూనే ఉంటుంది, దాని లూబ్ అదే చూసుకుంటుంది. పీసీపీలో అట్ల కాదు, సిలిండర్‌లో 200 బార్ దాకా నింపిన గాలి ఒక్కసారిగా వదిలితే అది చల్లబడుతుంది, పొడిగా ఉంటుంది, నూనె చుక్క కూడా ఉండదు. పొడి బ్యారెల్‌లో మెత్తటి సీసం అంత స్పీడ్‌తో రాసుకుంటా పోతే రైఫ్లింగ్ గాడుల్లో (బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు) ఉన్న చిన్న చిన్న గరుకులు దాన్ని గీకేస్తాయి. చాలామంది సీసం కరిగి అతుక్కుంటుంది అనుకుంటారు, అది కాదు, గీకుడే. డయాబోలో పెల్లెట్‌లో, అంటే నడుము సన్నగా ఉండే రకంలో, తల అంచు, వెనక స్కర్ట్ అంచు రెండే బ్యారెల్‌ని తాకుతాయి కాబట్టి గీకుడంతా అక్కడే.

నా గన్ ఇక్కడే తయారైన పీసీపీ, పేరు ఎందుకులే. మా మామ వాళ్ల చీనీ తోటలో గట్టు అడ్డం పెట్టుకొని 25 మీటర్లలో పేపర్ టార్గెట్ కాలుస్తా. (కోతుల్ని, పిట్టల్ని కాల్చేదానికి ఏ పెల్లెట్ మంచిదని అడిగేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పోయి చదువుకోండి.) బ్యారెల్ శుభ్రంగా ఉన్నప్పుడు గ్రూప్, అంటే టార్గెట్ మీద పడిన బొక్కలన్నీ, రూపాయి బిళ్ల కింద దాక్కుంటుంది. గట్టి సీసం పెల్లెట్లు, అదే యాంటిమొనీ కలిపినవి, డబ్బాలో సగం కాల్చేసరికి గ్రూప్ విచ్చుకోవడం మొదలయ్యేది, స్కోప్ కదిలిందేమో అని స్క్రూలు బిగించుకుంటా కూర్చునేవాణ్ణి. నైలాన్ వైరుకి పాత బనియన్ గుడ్డ ముక్క కట్టి వెనక వైపు నుంచి లాగితే గుడ్డ నల్లగా రావడం మామూలే, దాంట్లో ఎండకి తళతళమనే బూడిద రంగు రేకులు కనపడితే అదే సీసం. వేలితో రుద్దితే పొడి కాదు, పలచగా సాగుతుంది. (రుద్దినాక చేతులు సబ్బుతో కడుక్కోండి, అదే చేత్తో బొరుగులు తినొద్దు.)

ఇప్పుడు సీసా సంగతి. ఆయిల్ లేత పసుపు, ఇంజిన్ ఆయిల్ కన్నా పలచన, కుట్టు మిషన్ ఆయిల్ కన్నా చిక్కన. వాసన పెద్దగా లేదు. పాత పెల్లెట్ డబ్బా అడుగున స్పాంజి ముక్క కోసి పెట్టుకున్నా, దాని మీద నాలుగైదు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేస్తే ఆయిల్ అంతా సమానంగా పాకుతుంది. పొద్దున దాని మీద పెల్లెట్లు ఒక వరస పోసి మూత పెట్టి మెల్లగా అటూ ఇటూ దొర్లించాలి, గిలక్కొట్టద్దు, స్కర్ట్‌లు వంగిపోతాయి. తీసి వెలుతుర్లో చూస్తే పెల్లెట్ మెరవాలి గానీ తడిగా కనపడకూడదు. వేలికి తగిలితే జిడ్డు అనిపించాల, వేలికి ఆయిల్ అంటుకుంటే మాత్రం ఎక్కువైనట్టే. ఇందులో ఉన్న కిటుకంతా ఇదే. కొత్త పెల్లెట్ల మీద సీసం పొడి ఉంటే ముందు గిన్నెల సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టి అప్పుడు దొర్లించుకోండి, కడిగినవి ఆయిల్ లేకుండా వదిలేస్తే కొన్నాళ్లకి తెల్లగా బూజు పట్టినట్టు అవుతాయి.

ఫలితం బాగుంది, అబద్ధం చెప్పను. అదే గట్టి పెల్లెట్లు ఇప్పుడు డబ్బా మొత్తం కాల్చినా గ్రూప్ విచ్చుకోవడం లేదు, గుడ్డ లాగితే నలుపు వస్తాంది గానీ ఆ రేకులు దాదాపు లేవు. కానీ బ్యారెల్ శుభ్రం చేసిన వెంటనే మొదటి షాట్లు ఎటంటే అటు పోతాయి, బ్యారెల్ లోపల ఆ పొర సమానంగా పట్టేదాకా ఓపిక పట్టాలి, అప్పుడే స్కోప్ తిప్పేసి లూబ్‌ని తిట్టొద్దు. ఇంకోటి, పొడి పెల్లెట్లు కొన్ని, పూసినవి కొన్ని కలిపి కాలిస్తే గ్రూప్ పై కిందికి సాగుతుంది, ఏదో ఒకటే వాడండి. స్పీడ్ పెరుగుతుంది అని లేబుల్ మీద రాసినారు, నా గన్‌లో నాకేం తేడా కనపడలే, దాని కోసం అయితే కొనొద్దు.

మెత్తటి సీసంతో చేసిన మంచి పెల్లెట్లు, జేఎస్‌బీ ఎగ్జాక్ట్ లాంటివి, వేసినప్పుడు మాత్రం ఈ లూబ్ ఉన్నా లేకపోయినా నాకు పెద్ద తేడా తెలియలే. అవి పోసి ఉన్న డబ్బాలోనే కొంచెం జిడ్డుగా ఉంటాయి. కాబట్టి ఆ రేటు పెట్టి ఆ పెల్లెట్లే కొనేవాళ్లు ఈ ఏడొందలు ఇంకో డబ్బాకి పెట్టుకోవడం మేలు.

మన ఊర్లకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దుమ్ము. ఆషాఢం గాలి మొదలైందంటే తోటలో మూత తీసిన డబ్బా మీద ఎర్రమన్ను పొర వచ్చేస్తుంది, పెల్లెట్లకి ఆయిల్ ఉందంటే ఆ మన్నంతా వాటికే అంటుకుంటుంది, దాన్ని తీసుకుపోయి బ్యారెల్‌లో తోస్తే గరుకు కాగితం తోసినట్టే. ఆ రోజుకి కావాల్సినన్ని పెల్లెట్లే మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో తీసుకుపోతా, మిగిలినవి ఇంట్లోనే. గాలి ఎక్కువున్న నెలల్లో అయితే వ్యాక్స్ రకం పొడి లూబ్ ఇంకా నయం, అది ఆరినాక దుమ్ము పట్టదు.

స్ప్రింగ్ గన్ వాళ్లకి, బ్రేక్ బ్యారెల్ (బ్యారెల్‌ని మడిచి స్ప్రింగ్ ఎక్కించే రకం) వాళ్లకి: ఈ సీసా మీకు కాదు. పిస్టన్ ముందుకి దూకినప్పుడు గాలి నలిగి క్షణంలో విపరీతంగా వేడెక్కుతుంది, అక్కడికి పెట్రోలియం ఆయిల్ చేరితే డీజిల్ ఇంజిన్‌లో మండినట్టు మండుతుంది. ఢాం అని శబ్దం, బ్యారెల్ మూతి నుంచి పొగ, పవర్ వచ్చింది అనుకొని సంబరపడతారు, తర్వాత సీల్ కాలిపోయి, స్ప్రింగ్ విరిగి, రిపేర్‌కి బెంగళూరు పంపించాల్సి వస్తుంది. పీసీపీ వాళ్లు కూడా ఈ ఆయిల్‌ని గాలి నింపే చోట వేయకండి, అంత ప్రెషర్ గాలిలో పెట్రోలియం ఆయిల్ ప్రమాదం, అక్కడికి సిలికాన్ ఆయిలే.

ఇంట్లో కలుపుకోవచ్చా అని అడుగుతారు కదా, కలుపుకోవచ్చు. విస్కోంబ్ హనీ అని పాత ఫార్ములా ఒకటి ఉంది, రెండు వంతులు హాప్స్ గన్ ఆయిల్, ఒక వంతు ఎస్‌టీపీ ఇంజిన్ ట్రీట్‌మెంట్ (ఇంజిన్ ఆయిల్‌లో కలిపేది). గన్ ఆయిల్ అంటే ఆయిలే, అదే కంపెనీ క్లీనింగ్ సాల్వెంట్ కాదు. రెండూ తెప్పించుకునే ఖర్చు చూస్తే సీసానే చవక.

కంప్లయింట్లు రెండు. లోపల ఏముందో రాయకపోవడం ఒకటి, ఏడొందలు తీసుకొని ఆ మాత్రం చెప్పలేరా. రెండోది ఆ సీసా మూతి, చుక్క అనుకుంటే ధార పడుతుంది, మొదటి రోజే స్పాంజి నిండా మునిగింది. మెడికల్ షాప్‌లో ఇన్సులిన్ సిరంజి తెచ్చుకొని దాంతో వేస్తాండా, ఇప్పుడు ఇబ్బంది లేదు. రేటింగ్ అంటే 5కి మూడున్నర. వాడకం తక్కువ కాబట్టి సీసా ఏడాదికి పైనే వచ్చేటట్టుంది, మొన్న మా బావమరిది వచ్చి కొంచెం పోసియ్యి బావా అన్నాడు, వాడిది బ్రేక్ బ్యారెల్, ఇయ్యలే, అలిగిపోయినాడు.