పాత సమాధానాలే ఆపుతున్నాయి: మిద్దె తోటల టెలిగ్రామ్ గ్రూపు నడిపాక నా మాట

టెలిగ్రామ్ ఎలా వేసుకోవాలి, గ్రూపు ఎలా పెట్టాలి అన్నవి ఇక్కడ రాయను. అవి అందరికీ తెలిసినవే. విజయవాడలో మిద్దె తోటలు పెంచుకునేవాళ్ల కోసం ఒక గ్రూపును కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ఇప్పుడు దాన్ని కొనసాగించాలా, మూసేయాలా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. మావారికి బెంగళూరు బదిలీ అయింది. అక్కడ దొరికింది అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాటు. డాబా మీద కుండీలు పెట్టడానికి అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు. మిద్దె లేని మనిషి మిద్దె తోటల గ్రూపు నడపడం ఏమిటని నాకే అనిపిస్తోంది. పైగా రోజూ పొద్దున్నే ఫోన్ తెరిచి తగాదాలు తీర్చే ఓపిక కూడా తగ్గింది. అయినా మూసేయడానికి మనసొప్పడం లేదు. కారణం ఒక్కటే. ఇక్కడ ఎవరో ఎప్పుడో రాసిన సమాధానం అలాగే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, నిన్న చేరినవాళ్లకు కూడా.

మేము మొదట వాట్సాప్‌లోనే ఉండేవాళ్లం. అప్పట్లో గ్రూపుకు 256 మందే పరిమితి. ఆ సంఖ్య నిండాక ఇటు వచ్చాం. వాట్సాప్ 2022లో దాన్ని 1,024కు పెంచింది, మా గ్రూపుకు అది చాలు. టెలిగ్రామ్‌లో రెండు లక్షల మంది పడతారంటారు గానీ, అంతమందితో మాకేం పని? కాబట్టి ఇక్కడికి వచ్చిన కారణం వేరు, ఇక్కడ ఉండిపోయిన కారణం వేరు. కొత్త సభ్యులకు పాత చరిత్ర కనిపించాలా వద్దా అని అడ్మిన్‌కు ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని మొదటి రోజే ‘కనిపించాలి’ అని పెట్టాను. మా గ్రూపు విలువంతా అందులోనే ఉంది.

ఎందుకంటే మొక్కల ప్రశ్నలు ఏటా తిరిగి వచ్చేవే. ఎండలు ముదిరితే టమాటా పూత రాలిపోతోందని అడుగుతారు. మందారానికి తెల్లగా దూదిలా పట్టిందని ఫొటో పెడతారు, అది పిండినల్లి. బెండ ఆకులు ముడుచుకుంటున్నాయని, కరివేపాకు ఎదగడం లేదని, వేప నూనె లీటరు నీళ్లకు ఎంత కలపాలని అడుగుతారు. సమాధానం తెలిసినవాళ్లు మొదటి ఏడాది ఎంతో ఓపికగా రాస్తారు. రెండో ఏడాది క్లుప్తంగా చెబుతారు. ఆ తర్వాత చూసీ చూడనట్టు ఊరుకుంటారు. వాళ్లనూ తప్పుపట్టలేం. ఒక్కో మెసేజ్‌కు విడిగా లింకు తీసుకునే వీలుంది కాబట్టి, పాత సమాధానం లింకు అక్కడ అతికిస్తే చాలు. అడిగినవాళ్లకు పని జరుగుతుంది, చెప్పినవాళ్లు మళ్లీ చెప్పనక్కర్లేదు.

పోయిన వానాకాలంలో జరిగింది చెప్పాలి. గ్రూపు మూసేస్తే ఏం పోతుందో నాకు అప్పుడే బాగా అర్థమైంది.

కొత్తగా చేరిన ఒకమ్మాయి మధ్యాహ్నం పూట ఒక ఫొటో పెట్టింది. పందిరి నిండా బీర తీగ, ఆకులు పచ్చగా ఉన్నాయి, పువ్వులకు లోటు లేదు. పిందెలు మాత్రం వేలెడు పొడవు కాకుండానే పసుపుబారి రాలిపోతున్నాయి. వేప పిండి వేసిందట, పుల్లటి మజ్జిగ పిచికారీ చేసిందట, బోరాన్ కూడా కొట్టిందట. ఆ రోజు నేను వేరే పనిలో ఉన్నాను, మిగతావాళ్లు కూడా ఎవరూ పలకలేదు. మామూలుగా అయితే ఆ ప్రశ్న అలా కిందికి జారిపోయేదే. ఆ అమ్మాయి మాత్రం వెతుకు అన్నచోట ‘బీర పిందె’ అని కొట్టింది. ఇంకెవరో ఇలాగే అడిగినప్పుడు జవాబుగా రాసిన చాలా పాత మెసేజ్ ఒకటి బయటికి వచ్చింది. దాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

“అమ్మా, ఎరువుల జోలికి వెళ్లకండి. బీర పువ్వు సాయంత్రం విచ్చుతుంది. మీరు పొద్దున్నే వెళ్లి చేత్తో పరపరాగ సంపర్కం చేస్తున్నారు, అప్పటికి పువ్వు పని అయిపోయి ఉంటుంది. సాయంత్రం అయిదున్నర, ఆరుకి వెళ్లండి. గుత్తిగా వచ్చేవి మగ పువ్వులు. వెనకాల చిన్న పిందె ఉండి ఒంటిగా వచ్చేది ఆడ పువ్వు. అప్పుడే విచ్చిన మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. సొర కూడా సాయంత్రమే. కాకర, గుమ్మడి మాత్రం తెల్లవారుజామున. నేతి బీర కూడా పొద్దున్నే, దాన్ని మామూలు బీరతో కలపొద్దు.”

ఇది ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన రాసింది. గ్రూపులో అందరం ఆయన్ని బాబాయ్ గారూ అనే పిలిచేవాళ్లం. ఊరి మధ్యలో మూడో అంతస్తు మీదికి తేనెటీగలు అంతగా రావు, తీగజాతికి చేత్తో అద్దక తప్పదు. ఆ సంగతి యూట్యూబ్‌లో అందరూ చెబుతారు. ఏ పువ్వుకు ఏ వేళ అన్నది మాత్రం చాలామంది చెప్పరు. ఆ అమ్మాయి సాయంత్రం మేడెక్కి ఆయన చెప్పినట్టే చేసింది. నాలుగైదు రోజులకు సాగుతున్న పిందె ఫొటోను ఆ పాత మెసేజ్ కిందే జవాబుగా పెట్టి, “ఎవరండీ వీరు? పేరు కనిపించడం లేదు, థాంక్స్ చెప్పాలి” అని అడిగింది.

నిజంగానే పేరు లేదు. ‘డిలీటెడ్ అకౌంట్’ అని ఉంది. నా గుండె గుభేలుమంది. ఆయన వయసు గుర్తొచ్చింది, చివరిసారి ఎప్పుడు పలికారో గుర్తు రాలేదు. దగ్గరివాళ్లకు ఫోన్ చేస్తే తెలిసింది, ఆయన డాలస్‌లో కొడుకు దగ్గర ఉన్నారట. ఇక్కడి సిమ్‌కు రీచార్జ్ చేయక నంబర్ పోయింది. అక్కడ ఫోన్ మార్చారు, పాత నంబర్‌కు వచ్చే ఓటీపీ లేక లాగిన్ కాలేకపోయారు. కొన్ని నెలలు వాడకపోతే అకౌంట్ దానంతట అదే తొలగిపోయే ఏర్పాటు ఈ యాప్‌లో ఉంది. అలా పేరు పోయింది. రాసింది మాత్రం ఒక్క అక్షరం పోలేదు.

లింకు పంపితే కొత్త నంబర్‌తో చేరారు. వచ్చిన రోజే ఆ అమ్మాయి ఫొటో చూసి, “ఇది రాసింది నేనే తల్లీ, ఇక్కడ పెరట్లో కూడా బీర వేశాను” అన్నారు. అక్కడ ఎండాకాలంలో పొద్దు గుంకేసరికి ఎనిమిదిన్నర అవుతుందట. “గడియారం చూడొద్దు, వెలుతురు తగ్గడం చూడండి” అని ఇంకో వాక్యం రాశారు. నేను దాన్ని పాత మెసేజ్‌తో కలిపి పిన్ చేశాను. అమెరికాలో ఉంటున్న మా సభ్యులు ఇద్దరు ముగ్గురు ఆ మాట పట్టుకుని వెంటనే ప్రశ్నలు మొదలెట్టారు. ఆ రోజు గ్రూపు చూస్తుంటే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని షరతులు కూడా చెప్పాలి. పేరు కొడితే సమాధానం వచ్చేస్తుందని నేను అందరికీ చెబుతుంటాను. అది మనం రాసే పద్ధతిని బట్టి ఉంటుంది. ఒకరు ‘బీర’ అని తెలుగులో రాస్తారు, ఒకరు అదే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, మరొకరు ‘రిడ్జ్ గార్డ్’ అంటారు. ఒకదాన్ని వెతికితే మిగతా రెండూ రావు. ‘వేపనూనె’ అని కలిపి రాసినది, ‘వేప నూనె’ అని విడదీసి రాసినది వేర్వేరు. వాయిస్ మెసేజ్‌లో ఎంత గొప్ప విషయం చెప్పినా వెతుకులాటకు దొరకదు, మా పెద్దవాళ్లలో సగం మంది వాయిస్సే పెడతారు. అందుకే మంచి సమాధానం వచ్చినప్పుడల్లా దాని కింద పంట పేరు, సమస్య పేరు మూడు రకాలుగానూ రాసి జవాబు పెడుతుంటాను. ఆ బీర మెసేజ్ దొరికిందీ పెద్దాయన తెలుగులో, విడివిడిగా రాయబట్టే. అంటే ఈ సౌకర్యం ఊరికే రాదు, వెనక ఒక మనిషి కూర్చుని పని చేయాలి. ఇప్పుడు ఆ మనిషినే నేను, నా తర్వాత ఎవరన్నదే ప్రశ్న.

టాపిక్స్ కూడా అలాగే, అంటే ఒకే గ్రూపును విషయాల వారీగా విడగొట్టే సౌకర్యం. 2022 చివర్లో అవి వచ్చినప్పుడు ఎంతో సంబరపడ్డాను. ఆకుకూరలు, తీగజాతి, పురుగులు-తెగుళ్లు, మట్టి-ఎరువులు, విత్తనాల మార్పిడి అని విడగొట్టాను. అంతకుముందు రాసినదంతా ‘జనరల్’లోనే ఉండిపోయింది. చాలామంది ఇప్పటికీ ఏది ఎక్కడ అడగాలో చూసుకోకుండా జనరల్‌లోనే అడుగుతారు. విత్తనాల మార్పిడి మాత్రం చక్కగా నడుస్తోంది. ఎవరి దగ్గర ఏముందో రాసుకుంటారు, కవర్లో పెట్టి పోస్టులో పంపుకుంటారు.

ఇక గ్రూపు మూసేద్దామని గట్టిగా అనుకున్న సందర్భం ఒకటుంది. ఎవరో నా ఫొటో, నా పేరు పెట్టుకుని సభ్యులకు విడివిడిగా మెసేజ్‌లు పంపారు. అరుదైన విత్తనాలు తెప్పిస్తున్నాం, ముందుగా యూపీఐ చేయండి అని. నమ్మి పంపినవాళ్లున్నారు. పెద్ద మొత్తాలు కావు గానీ, నా పేరు మీద పోయాయి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాను. ఆ వారమంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తర్వాత సభ్యుల జాబితా బయటికి కనిపించకుండా దాచాను, చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలని పెట్టాను. అడ్మిన్లు ఎవరూ తమంతట తాము పర్సనల్‌గా మెసేజ్ పెట్టరని, డబ్బు అడగరని పైన పిన్ చేశాను. ఆ తర్వాత మళ్లీ అలాంటిది జరగలేదు. కానీ మీరు పెద్ద గ్రూపు పెట్టబోతుంటే ఈ మూడూ వీలైనంత త్వరగా చేయండి. ఇంకో సంగతి, ఇక్కడి గ్రూపుల్లో వాట్సాప్‌లో లాగా ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని రక్షణ, ఉండదు. మొక్కల మాటలకు పర్వాలేదు, ఇంటి మాటలకు మాత్రం నేను వాడను.

తగాదాలు ఎప్పుడూ ఉండేవే. ఇమిడాక్లోప్రిడ్ అనే రసాయన పురుగుమందు కొట్టమని ఒకరు అంటే, జీవామృతం తప్ప మరోటి మిద్దె మీదికి రానివ్వకూడదని ఇంకొకరు. మాటా మాటా పెరిగినప్పుడు స్లో మోడ్ పెడతాను. ఒక్కొక్కరు గంటకు ఒక్క మెసేజ్ మాత్రమే పెట్టేలా చేయొచ్చు. గంట ఆగితే సగం కోపం దిగిపోతుంది. దీన్ని అందరూ వాడాలి.

మూసేసే ముందు అంతా దాచుకుంటే సరిపోదా అని మా అబ్బాయి అడిగాడు. చేసి చూశాం. ల్యాప్‌టాప్‌లో టెలిగ్రామ్ వేసుకుంటే గ్రూపు మొత్తాన్ని ఫొటోలతో సహా హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా దింపుకోవచ్చు. బాగానే దిగింది. కానీ అది ముక్కలు ముక్కలుగా ఎన్నో పేజీలు. బీర గురించి వెతకాలంటే ఒక్కో పేజీ తెరిచి చూడాలి. వానాకాలంలో మేడ మీద నిలబడి ఫోన్‌లో వెతికే అమ్మాయికి అది పనికిరాదు. జవాబు కింద ఇంకో జవాబు పెట్టడానికీ వీలుండదు. భద్రత కోసం ఒక కాపీ మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉంచాను.

కాబట్టి నా మట్టుకు నేను అనుకుంటున్నది ఇది. మీ గ్రూపులో ప్రశ్నలు ప్రతి సీజన్‌కూ తిరిగి వచ్చేవైతే, చెప్పే పెద్దవాళ్లు కొద్దిమందే ఉంటే, టెలిగ్రామ్ తీసుకోండి. పాత సమాధానాలకు పేర్లు రాసి పెట్టే మనిషి ఒకరు ఉండాలి. నీళ్ల ట్యాంకర్ వచ్చింది, లిఫ్ట్ ఆగింది లాంటి కబుర్లకైతే అందరూ ఉండే వాట్సాపే మేలు, ఇందులోకి లాక్కురావడం కష్టం. మా గ్రూపులోనూ కొందరు వాట్సాప్ నుంచి ఇటు రానే లేదు. వాళ్లలో మంచి రైతు కుటుంబాలవాళ్లు ఉన్నారు, ఆ లోటు ఇప్పటికీ తెలుస్తుంది.

కొనసాగించడం విషయానికొస్తే, గ్రూపును డిలీట్ చేయను. పెద్దాయన అకౌంట్ పోయిన తీరు చూశాక ఓనర్‌షిప్ ఒక్క నంబర్ మీద వదిలేయడం కూడా మంచిది కాదనిపించింది. గుణదలలో ఉండే ఒక అక్కను అడిగాను. ఆవిడకు మూడు వందల గజాల మేడ, ఎర్రమట్టి మోయించడం దగ్గర్నుంచి అన్నీ తెలుసు. ఫోన్ పనులకే కొంచెం జంకుతారు. ఓనర్‌షిప్ మార్చాలంటే ముందు నా అకౌంట్‌కు టూ-స్టెప్ వెరిఫికేషన్ (ఓటీపీతో పాటు అదనపు పాస్‌వర్డ్) పెట్టి కనీసం ఏడు రోజులు గడవాలి. అది పెట్టేశాను, ఆవిడ చేత కూడా పెట్టించాను. “కూతురి పెళ్లి కానీ, అప్పుడు చెబుతాను” అన్నారు. మృగశిర కార్తెకు విత్తనాలు వేసే హడావిడి మొదలవుతుంది, ప్రశ్నలు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. అంతదాకా బెంగళూరు నుంచైనా నేనే చూస్తాను. ఆవిడ సరేనంటే ఒక సీజన్ పక్కనే ఉండి, పేర్లు ఎలా రాసిపెట్టాలో చూపిస్తాను. కాదంటే కొత్త ప్రశ్నలు ఆపేసి, చదువుకోవడానికి మాత్రం తెరిచి ఉంచుతాను.