చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందని వెంటనే పార్టులు మార్పించకండి

మూడు నెలల్లో మూడు పార్టులు మార్పించాను. చివరికి తేలింది ఏమిటంటే, అసలు లోపం ఒక చిన్న రబ్బరు పైపుకు పడ్డ పగులు. నాలాగా ఇంకెవరూ డబ్బు పోగొట్టుకోకూడదని వివరంగా రాస్తున్నాను.

ఒకరోజు పొద్దున డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైట్ వెలిగి, అలాగే ఉండిపోయింది. బండి బాగానే నడుస్తోంది కానీ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ కొంచెం వణికేది. గ్యారేజ్‌లో స్కానర్ పెట్టి, లోపాన్ని సూచించే పీ0171 అనే కోడ్ వచ్చిందన్నారు. బానెట్ కూడా ఎత్తకుండానే "ఆక్సిజన్ సెన్సర్ పోయిందండీ, మార్చాలి" అన్నారు. సరేనన్నాను. లైట్ ఆరింది. నాలుగైదు రోజులకు మళ్లీ వెలిగింది. ఈసారి లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ మార్చారు. ఆ తర్వాత ఫ్యూయల్ పంప్. వెళ్లిన ప్రతిసారీ లైట్ ఆరేది, కొన్నాళ్లకు మళ్లీ వచ్చేది.

లైట్ ఆరింది రిపేర్ వల్ల కాదు, స్కానర్‌తో కోడ్ చెరిపేయడం వల్ల. ఇలాంటి చాలా లోపాలను కారు కంప్యూటర్ ఒక్కసారి చూడగానే లైట్ వెలిగించదు, వరసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే వెలిగిస్తుంది. ఆ మధ్య రోజుల్లో మనం బండి బాగైపోయిందనుకుంటాం. ఇంకో నష్టం కూడా ఉంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, స్పీడు, లోడ్ ఎంతెంత ఉన్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్ అని దాచి ఉంటుంది. చెరిపితే అదీ పోతుంది. నా విషయంలో మూడుసార్లూ అలాగే పోయింది. ఇది తలుచుకుంటేనే ఇప్పటికీ బాధేస్తుంది.

పీ0171 అంటే ఇంజిన్‌కు అందే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని. అంతే. ఏ పార్టు పోయిందో అది చెప్పదు. ఆ సంగతి పట్టుకుని కంప్యూటర్‌కు చెప్పిందే ఆక్సిజన్ సెన్సర్. జ్వరం ఉందని చూపించిన థర్మామీటర్‌నే మార్పించానన్నమాట.

తర్వాత కలిసిన మెకానిక్ ముందు ఇంజిన్ ఆన్ చేయించి, స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూశారు. పెట్రోల్‌ను కంప్యూటర్ ఎంత పెంచి, ఎంత తగ్గించి సర్దుకుంటోందో చెప్పే లెక్క అది. మామూలుగా 10 శాతం అటూ ఇటూగా ఉండాలి. నా బండికి ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 24 శాతం ఎక్కువ చూపించింది. రేజ్ చేసి 2500 ఆర్పీఎం దగ్గర పెడితే 5కి దిగింది. దాంతో ఆయన, ఎక్కడో దొంగగాలి, అంటే సెన్సర్ కొలతకు రాని గాలి, లాగుతోందని చెప్పారు. ఐడిల్‌లో ఇంజిన్ తీసుకునే గాలే తక్కువ కాబట్టి చిన్న పగులు కూడా పెద్ద తేడా చూపిస్తుంది, రేజ్ చేస్తే ఆ తేడా కలిసిపోతుంది. ఫ్యూయల్ పంప్ బలహీనమైతే దీనికి రివర్స్‌లో ఉంటుంది, లోడ్ పెరిగేకొద్దీ ఆ తేడా ఎక్కువవుతుంది. తర్వాత లోపలికి పొగ పంపి లీకు వెతికే స్మోక్ టెస్ట్ చేస్తే, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ వెనక వంపు పైపు దగ్గర పొగ బయటికొచ్చింది. పైపు మార్చారు. నాలుగు నెలలైంది, లైట్ మళ్లీ రాలేదు.

అందుకే కోడ్ చెరిపేముందే దాన్నీ, ఫ్రీజ్ ఫ్రేమ్‌నీ ఫోటో తీసుకోండి. "ఈ పార్టే పోయిందని ఏ పరీక్షలో తేలింది?" అని మొహమాటపడకుండా అడగండి. ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోల్ సరిగా మండట్లేదు అని పీ0301 వస్తే, దానికి స్పార్క్ ఇచ్చే కాయిల్ తీసి రెండోదానికి పెట్టి చూడమనండి. కోడ్ పీ0302గా మారితే కాయిలే కారణం, కొత్తది కొనకముందే తెలిసిపోతుంది. పీ0420 వస్తే, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలంటారు. అది చాలా ఖరీదైనది. సైలెన్సర్ పైపులో లీకేజీ, మిస్‌ఫైర్ లేవని ముందు తేల్చుకోండి.

లైట్ ఆరుతూ వెలుగుతూ బ్లింక్ అవుతుంటే మాత్రం ఆలస్యం చేయకండి. మిస్‌ఫైర్ బాగా ఎక్కువైందని అర్థం, కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. బండి పక్కన ఆపేయండి.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు లైట్ వెలగట్లేదని తృప్తి పడకండి. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లలో స్కానర్ చూపిస్తుంది. అంకె చాలా చిన్నదైతే కారణం అడగండి. కొన్ని కార్లలో బ్యాటరీ తీసినా అలా అవుతుంది కాబట్టి, ఇంకొన్ని రోజులు నడిపాక మళ్లీ చూసి అప్పుడు డబ్బు ఇవ్వండి.