65 రివియేరా కొనేవాళ్ళు జాగ్రత్త, నాకు గ్రాన్ స్పోర్ట్ అని అంటగట్టారు

నేనుండేది డల్లాస్‌లో. 1965 బ్యూక్ రివియేరా అనే పాత అమెరికన్ కారు మీద నాకు చాలా ఏళ్ళ మోజు. ఒహాయోలో ఒక డీలర్ గ్రాన్ స్పోర్ట్, అంటే అందులోనే ఎక్కువ శక్తి ఉన్న రకం, అమ్ముతున్నాడని తెలిసి, ఫొటోలు, ఒక వీడియో చూసి డబ్బు పంపేశాను. అక్కడే దెబ్బతిన్నాను.

ట్రైలర్ నుంచి దిగినప్పుడు బండి పెళ్ళికూతురిలా ఉంది. బ్యాడ్జీలు, రెండు కార్బురేటర్లు, అన్నీ ఉన్నాయి. అసలు గ్రాన్ స్పోర్ట్‌కి ఉండేది 425 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, 360 హార్స్‌పవర్. మామూలు 65 మోడల్‌ది 401, 325 హార్స్‌పవర్. బయటినుంచి చూస్తే రెండు ఇంజిన్లకూ తేడా తెలియదు. బండి ఛాసిస్ నంబర్లోనూ తెలియదు. ఇంజిన్ బ్లాక్ (ఇంజిన్ ప్రధాన ఇనుప దిమ్మ) ముందు భాగంలో కొట్టిన అక్షరాలే ఆధారం: ఎల్‌ఎక్స్ అంటే గ్రాన్ స్పోర్ట్ ఇంజిన్, ఎల్‌టీ అంటే 401. మా మెకానిక్ జిడ్డు తుడిచి టార్చి వేస్తే ఎల్‌టీ కనబడింది! పాత 401 మీద మ్యానిఫోల్డ్ (కార్బురేటర్లు కూర్చునే భాగం) మార్చి రెండు కార్బురేటర్లు బిగించారన్నమాట. ఆ ఏడాది 34 వేల పైచిలుకు రివియేరాలు తయారైతే గ్రాన్ స్పోర్టులు 3,300 చిల్లరే. రేటు పెరిగేది ఆ పేరుతోనే.

ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారని తెలిసి కూడా తుప్పు సంగతి అడగలేదు, నాదే బుద్ధితక్కువ. వెనక చక్రం వెనకాల అయస్కాంతం పెడితే జారి కింద పడింది. లోపల రేకు లేదు, అంతా పుట్టీ. డిక్కీలో కొత్త కార్పెట్ ఎత్తితే అతుకుల మీద నల్లరంగు.

ఇక హెడ్‌లైట్లు. 65లో అవి ఫెండర్ల చివర నిలువు మూతల వెనక దాక్కుంటాయి, స్విచ్ వేస్తే మోటారుతో తెరుచుకోవాలి. వీడియోలో తెరిచే ఉన్నాయి, ఒకసారి మూయమని అడగడం నాకు తట్టలేదు. కుడివైపుది అసలు మూతపడదు. బండి ఒక కన్ను తెరుచుకుని నిద్రపోతోందని మా ఆవిడ నవ్వుతోంది.

డీలర్‌కి ఫోన్ చేస్తే "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నానని సంతకం పెట్టారు కదా" అన్నాడు. నిజమే, పెట్టాను. ప్రకటన కూడా తీసేశాడు, నేను స్క్రీన్‌షాట్ తీసుకోలేదు.

ఆ ఊళ్ళోనే పాత బ్యూక్‌లు తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ మీద చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. బ్లాక్ మీద అక్షరాల ఫొటో అడగండి. "జిడ్డు పట్టింది, కనబడదు" అన్నారంటే ఆ బండి వదిలేయండి. నాకు చెప్పింది సరిగ్గా అదే మాట.