జబ్బలు లావనిపిస్తే వేసవి టాపుకి ఏ చేతులు మేలు?

మార్చి దాటిందంటే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలో కొట్ల ముందు ఎక్కువగా వేలాడేవి రెండు రకాలే. ఒకటి స్లీవ్‌లెస్ కుర్తీ, ఇంకొకటి భుజం మీద నాలుగు వేళ్ళ వెడల్పు చేయి ఉన్న టాపు. జబ్బలు లావుగా కనిపిస్తాయేమో అని వెనకాడేవాళ్ళకి రెండూ నచ్చవు. చివరికి ఫుల్ హ్యాండ్స్ వేసుకుని ఉక్కలో ఉడికిపోతారు, లేదంటే చున్నీని రెండు భుజాల మీదా కప్పుకుని దాన్ని సర్దుకోవడంతోనే సరిపెడతారు.

ఫలితం ముందే చెప్పేస్తాం. మోచేతికి అంగుళం పైన ఆగే లూజు ఎల్బో హ్యాండ్స్‌ది మొదటి స్థానం, అదీ పల్చటి నూలు గుడ్డలో. రెండోది, చాలామంది ఒప్పుకోకపోయినా, కొలతకి సరిగ్గా కుట్టిన స్లీవ్‌లెస్. అన్నిటికంటే ఆఖరు ఆ నాలుగు వేళ్ళ చేయి.

కారణం అద్దంలోనే తెలుస్తుంది. ఒక తువ్వాలు భుజం మీద వేసుకుని దాని అంచుని అంగుళం అంగుళం కిందికి జరపండి. చూపు ఎప్పుడూ ఆ అంచు ఆగిన చోటికే పోతుంది. జబ్బ అన్నిటికంటే లావుగా ఉండేది చాలామందికి చంక నుంచి రెండు మూడు అంగుళాల కింద. అంచు అక్కడ ఆగితే జబ్బ చుట్టూ గీత గీసి చూపించినట్టే. అదే అంచు ఇంకో ఐదు అంగుళాలు దిగి, చేయి సన్నబడే చోట ఆగితే చూపూ అక్కడే ఆగుతుంది.

స్లీవ్‌లెస్, క్యాప్ హ్యాండ్స్

ఆ నాలుగు వేళ్ళ చేతినే క్యాప్ హ్యాండ్స్ అంటారు, కొందరు టైలర్లు మెగా చేతులంటారు. భుజం మీద చిన్న రెక్కలా ఉంటుంది, చంక కింద గుడ్డే ఉండదు. కప్పాల్సిన చోట కప్పదు, చెమట పీల్చాల్సిన చోట పీల్చదు. గుడ్డ కాస్త గట్టిదైతే రెక్క బయటికి పొడుచుకొచ్చి భుజాన్ని ఇంకా వెడల్పు చేసి చూపిస్తుంది. అంచులో ఎలాస్టిక్ వేసిన రకమైతే సాయంత్రానికి చర్మం మీద గాడి పడుతుంది. ఇంత చిన్న చేయి కోసం ఇన్ని తిప్పలు పడేకంటే అసలు చేయి లేకపోవడమే నయం.

స్లీవ్‌లెస్‌లో చూడాల్సినవి మూడు. మొదటిది భుజం దగ్గర గుడ్డ ఎక్కడ ఆగిందన్నది. భుజం ఎముక చివర కానీ, అరంగుళం లోపల కానీ ఆగాలి. మెడ వైపుకి లోపలికి కోసేస్తే జబ్బ భుజం దాకా పాకినట్టు కనిపిస్తుంది. రెండోది చంక లోతు. ఆర్మ్ హోల్ మరీ పైకుంటే చంక ముందు కండ ఉబ్బి బయటికొస్తుంది, మరీ కిందికుంటే బ్రా కనిపిస్తుంది. చంకకి ఒక అంగుళం కింద ఉంటే సరి. మూడోది లోపలి పట్టీ. ఆర్మ్ హోల్ చుట్టూ వేసే పట్టీని క్రాస్‌గా కోయాలి. నిలువు ముక్క వేస్తే వంపు దగ్గర సాగదు, ఉతికాక అంచు ముడుచుకుని చర్మాన్ని కొరుకుతుంది. కొన్న కుర్తీ చంక దగ్గర గుచ్చుతోందంటే లోపలికి తిప్పి ముందు ఈ పట్టీనే చూడండి.

చంక ముందు ఉబ్బుని జబ్బ లావు కిందే లెక్కేసుకుంటారు చాలామంది. సగం సార్లు తప్పు బ్రాదే: పక్క భాగం ఇరుకై కండని పైకి తోస్తుంది. కొత్త టాపు కొనేముందు ఇది సరిచూసుకుంటే కొన్ని టాపుల డబ్బు మిగులుతుంది.

స్లీవ్‌లెస్‌కి ఇబ్బందులు లేకపోలేదు. నడుస్తుంటే జబ్బ లోపలి చర్మం పక్క కుట్టుకి ఒరుసుకుంటుంది, చెమట కూడా తోడైతే సాయంత్రానికి మంట. బండి మీద అరగంట పోతే చేతులు మాడతాయి. అత్తవారింట్లో, గుళ్ళో వేసుకోవాలా వద్దా అన్నది ఎవరింటి సంగతి వాళ్ళది.

ఒక సంగతి మాత్రం మర్చిపోకండి. చాలా స్లీవ్‌లెస్ కుర్తీలకి చేతుల గుడ్డ విడిగా లోపల పెట్టే ఉంటుంది. కవరుతో పాటు దాన్నీ పారేస్తుంటారు. అయితే ఆ ముక్క సన్నగా, పొట్టిగా ఉండడం మామూలు. టైలరుకి ఇచ్చేముందు వెడల్పు కొలవండి. కుట్టుకి పోయేది తీసేశాక మీ జబ్బ కొలత కంటే ఒకటిన్నర అంగుళమైనా ఎక్కువ మిగలకపోతే దాన్ని తగిలించకుండా ఉంచడమే మంచిది.

షార్ట్, ఎల్బో, త్రీ ఫోర్త్

ఆరు అంగుళాల షార్ట్ హ్యాండ్స్ ఆగేది సరిగ్గా లావు చోటనే. త్రీ ఫోర్త్ చూడ్డానికి బాగుంటుంది కానీ, మోచేతి మడతలో గుడ్డ చేరి అక్కడ చెమట నిలుస్తుంది. బరంపురం ఉక్కలో మధ్యాహ్నానికల్లా పైకి మడుచుకోవాల్సిందే, మడిచిన మడత మళ్ళీ జబ్బ మీదికే వస్తుంది. ఎల్బో హ్యాండ్స్ మోచేతికి పైనే ఆగుతాయి కాబట్టి మడత ఖాళీగా ఉంటుంది, గాలి కింద నుంచి లోపలికి పోతుంది. మామూలు ఎత్తు మనిషికి భుజం ఎముక నుంచి 11 లేదా 12 అంగుళాల పొడవు పడుతుంది.

పొడవు కుదిరినా లూజు కుదరకపోతే అంతా వృథా. టైలరుకి జాకెట్టు కుట్టే అలవాటుంటుంది, చేతిని పట్టేసినట్టు కొలుస్తాడు. "బిగుతుగా ఉంటేనే అందం అమ్మా" అని కూడా అంటాడు. జాకెట్టుకి ఆ మాట చెల్లుతుందేమో, వేసవి టాపుకి చెల్లదు. కొలత ఇలా ఇవ్వండి: చేయి వదులుగా వేలాడేసి లావు చోట ఒకసారి, మోచేయి మడిచి పిడికిలి బిగించి ఇంకోసారి టేపు పెట్టండి. రెండిట్లో పెద్దది తీసుకుని రెండు అంగుళాలు కలపండి. 13 వస్తే చేతి రౌండు 15. కింద అంచు దగ్గర 14, 14½ చాలు. సాగే టీషర్టు గుడ్డకి ఇంత లూజు అక్కర్లేదు, అరంగుళం కలిపితే సరి.

ఒడియా టైలరైతే "ఢిలా" అని, తెలుగు టైలరైతే "లూజు" అని చెప్పి వచ్చేస్తాం. ఎవరి లూజు ఎంతో ఎవరికి తెలుసు? అంగుళాలు కాగితం మీద రాసివ్వండి. కుట్టు లోపల ఒక్కో వైపు అరంగుళం గుడ్డ వదలమని కూడా రాయండి.

కుట్టి తెచ్చాక తేడా ఎక్కడుందో ముడతలే చెబుతాయి. జబ్బ మీద అడ్డంగా ముడతలు పడుతున్నాయంటే రౌండు చాల్లేదు. భుజం కుట్టు కిందే గుడ్డ ఎక్కువై వదులుగా మడతలు పడుతోందంటే చేతి పైభాగం, అంటే భుజానికి అతికే గుమ్మటం, మరీ ఎత్తుగా కోశారు. ఆ గుమ్మటాన్ని అరంగుళం తగ్గించి కోస్తే ఆర్మ్ హోల్ మారకుండానే జబ్బ దగ్గర వెడల్పు పెరుగుతుంది. ఈ కిటుకు తెలిసిన టైలరు దొరికితే వదులుకోకండి. దండెం మీద బట్టలు ఆరేసేటట్టు చేతులెత్తితే టాపు మొత్తం పైకి లేస్తోందా? ఆర్మ్ హోల్ లోతెక్కువైంది. వదులుగా ఉంటుందని చంకని కిందికి దింపుతారు కానీ, చేయి ఎత్తగానే టాపు మొత్తాన్ని లాగేది అదే.

గుడ్డ విషయానికొస్తే, నడుం దిగే టాపుకి 44 అంగుళాల పన్నా గుడ్డ రెండు మీటర్లు కావాలి. చేనేత గుడ్డ పన్నా 36 ఉంటే రెండున్నర తీసుకోండి. ఒకటిన్నర మీటరుతో సర్దుతానన్న టైలరు కోత కోసేది చేతుల దగ్గరే.

బుట్ట, గంట, సీతాకోక

బుట్ట చేతులు మళ్ళీ ఫ్యాషనయ్యాయి. లావు చోటనే కుచ్చు పెట్టి ఇంకా ఉబ్బించడం ఎందుకు? మోజుంటే కుచ్చుని భుజం కుట్టు దగ్గర మాత్రమే, మెత్తటి మల్లు గుడ్డతో పెట్టించి, కింద ఎలాస్టిక్ వద్దనండి.

గంటలా విచ్చుకునే బెల్ హ్యాండ్స్ జబ్బని బాగానే దాస్తాయి. వడ్డిస్తుంటే అంచు పప్పు గిన్నెలో మునుగుతుంది, స్టవ్ దగ్గర మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. బయటికి వేసుకెళ్ళడానికి సరే, వంటింటికి వద్దు.

సీతాకోక రెక్కలా గుండ్రంగా కోసి వదిలేసే ఫ్లటర్ హ్యాండ్స్ మాత్రం ఉక్కకి నిజంగా హాయి. అంచు తిన్నగా ఉండదు, అలలు అలలుగా దిగుతుంది కాబట్టి జబ్బకి అడ్డగీత పడదు. పొడవు ఏడెనిమిది అంగుళాలు ఉండాలి. నాలుగు అంగుళాలకి కోస్తే అది క్యాప్ హ్యాండ్స్‌కి చెల్లెలే. స్కూటీ మీద గాలికి భుజం దాకా లేస్తుందన్నదొక్కటే చిక్కు.

గబ్బిలం రెక్కలా ఉండే బ్యాట్ వింగ్‌కి ఆర్మ్ హోలే ఉండదు, ఎక్కడా నొక్కదు. కానీ చంక కింద గుడ్డ కుప్పపడి మనిషే వెడల్పుగా కనిపిస్తుంది. హ్యాండుబ్యాగు పట్టీ వేస్తే ఆ కుప్పంతా నలిగి ఒక పక్కకి చేరుతుంది. ఇంట్లో వేసుకోవడానికి బాగు.

జబ్బలు అరకొరగా కనిపించేలా నెట్టు, జార్జెట్ చేతులు వేస్తున్నారు. పాలిస్టర్ జార్జెట్ చెమటకి అతుక్కుంటే దాచేదేమీ ఉండదు, ఆకారం అచ్చు దిగుతుంది. అలాంటి చేతులు కావాలంటే కోటా నూలు చూడండి. గళ్ళ నేత, కాస్త బిరుసు, ఒంటికి అంటదు. టీకా మచ్చ కనిపించకూడదనుకునేవాళ్ళకి కూడా అది చాలు.

గుడ్డా, ఊరూ

బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం దగ్గర, గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు. అక్కడ లూజు, పల్చదనం ముఖ్యం. లోపలికి, గుణుపురం, రాయగడ వైపు మే నెల మధ్యాహ్నం మాడ్చేస్తుంది. ఎండలో తిరిగేవాళ్ళకి పల్చటి లూజు ఫుల్ హ్యాండ్సే స్లీవ్‌లెస్ కంటే చల్లన, ఎండ నేరుగా చర్మానికి తగలదు కాబట్టి. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు మీద ఉంది, సాయంత్రాలు చల్లగా ఉంటాయి, అక్కడ ఏదైనా నడుస్తుంది.

అన్నిటికంటే హాయి మల్లు, దాని తర్వాత పల్చటి పొందూరు ఖద్దరు. సంబల్‌పురి బంధ (ఇక్కత్) నూలు అందమైనదే కానీ మందం, పైగా శంఖం, చక్రం నమూనా సరిగ్గా జబ్బ మధ్యలో పడితే లావుని చాటింపు వేసినట్టే. నమూనాని మెడ కింద పెట్టి, చేతులకి సాదా భాగం కోయమనండి. కోట్‌పాడ్ నేతకి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆల్ చెట్టు వేరు రంగు అద్దిన ఆ మందపాటి నూలు కోరాపుట్ సాయంత్రాలకి సరిపోతుంది, బరంపురం మధ్యాహ్నానికి కాదు. రేయాన్ చల్లగా జారుతుంది కానీ ఒంటికి వాలిపోయి ఆకారం చూపిస్తుంది.

నూలుగానీ రేయాన్‌గానీ కుట్టకముందు రాత్రంతా నీళ్ళలో నానేసి, నీడలో ఆరేసి ఇస్త్రీ చేయాలి. నూటికి నాలుగు వంతులు కుదించుకుపోయే గుడ్డైతే 15 అంగుళాల రౌండులో అరంగుళం పైనే పోతుంది. కష్టపడి ఇచ్చిన రెండు అంగుళాల లూజులో నాలుగో వంతు మొదటి ఉతుకుకే మాయం.

నూలు చేతులకి పల్చటి గంజి పెడితే గుడ్డ జబ్బకి అంటకుండా నిలబడుతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. అర బకెట్టు నీళ్ళకి గ్లాసుడు వార్చిన గంజి చాలు. చిక్కగా పెడితే అట్టలా బిగుసుకుని చంకలో గుచ్చుతుంది. వేసవిలో ఇంటింటా పఖాళ, అంటే నీళ్ళలో పులియబెట్టిన అన్నం, ఉంటుంది కదా అని ఆ తోరాణి నీళ్ళు మాత్రం పెట్టకండి. పులిసిన వాసన చెమటతో కలిస్తే పక్కన ఎవరూ కూర్చోరు.

చంక దగ్గర చెమట మరక బాగా తెలిసేది బూడిద రంగు, లేత నీలం సాదా గుడ్డల మీద. తెలుపు, ముదురు నీలం, దగ్గర దగ్గరగా ఉన్న చిన్న పూల ప్రింటు దాన్ని దాస్తాయి.

పట్టు ముక్క మిగిలితే చేతికి అంచు వేయాలని ఎవరికైనా ఉంటుంది. బరంపురం పట్టు ఫొడా కుంభ అంచు గుడి శిఖరాల్లా పళ్ళు పళ్ళుగా ఉంటుంది, ఎక్కడ పెట్టినా చూపు లాగుతుంది. మోచేతి పైన ఒక అంగుళం, ఒకటిన్నర దాకా పర్వాలేదు. మూడు అంగుళాలు వేస్తే చేయి పొట్టిదై లావుగా కనిపిస్తుంది. దాని బదులు అంచుని భుజం నుంచి కింది దాకా చేతి మధ్యలో నిలువుగా వేయించండి, చేయి సాగినట్టుంటుంది.

ఇంట్లో ఇప్పటికే బిగుతైపోయిన టాపులుంటే ముందు చేతి కుట్టు తిరగేసి చూడండి. అరంగుళం గుడ్డ వదిలి ఉంటే రెండు వైపులా పావంగుళం చొప్పున విప్పి అరంగుళం రాబట్టొచ్చు. లేకపోతే చంక కింద, మగవాళ్ళ జుబ్బాల్లో వేసినట్టు, మూడు అంగుళాల చదరపు ముక్కని మూల పైకి వచ్చేలా అతికించాలి. అదే గుడ్డ దొరక్కపోతే అదే రంగు మల్లు ముక్క చాలు. చేయి దించితే ఎవరికీ కనిపించదు. ముక్క నాలుగు మూలల్లోనూ రెండోసారి కుట్టు వేయమని చెప్పండి, ముందుగా పిగిలేవి ఆ మూలలే.