మేకల్లో రక్తహీనత: కనురెప్ప చూడడమా, పెంటికల పరీక్షా, రక్త పరీక్షా – ఏది మేలు?

మేకల్లో రక్తహీనతకు అనేక కారణాలున్నా, వెచ్చగా, తేమగా ఉండే చోట్ల ముందుగా అనుమానించవలసింది నాలుగో పొట్టలో చేరి రక్తం పీల్చే హీమాంకస్ నట్టను. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం నష్టపరుస్తుంది కాబట్టి, అవి వేలల్లో చేరితే పారుడు కూడా లేకుండానే మేక కొద్ది రోజుల్లో కూలిపోతుంది.

గుర్తించే మూడు పద్ధతుల్లో మందలు పెంచేవారికి అన్నిటికన్నా అక్కరకొచ్చేది కనురెప్ప పరీక్ష అని నా అభిప్రాయం. దక్షిణాఫ్రికాలో గొర్రెల కోసం రూపొందిన ఫమాచా కార్డు మీద ఎరుపు నుంచి తెలుపు వరకు 5 రంగులుంటాయి. పై రెప్పతో కంటిని మూసి, బొటనవేలితో మెల్లగా నొక్కి, కింది రెప్పను కిందికి లాగితే లోపలి పొర ఉబికి వస్తుంది. పగటి వెలుగులో, రెండు కళ్లలోనూ ఆ పొర రంగును కార్డుతో పోల్చాలి. కార్డు లేకుండా జ్ఞాపకాన్ని బట్టి అంచనా వేస్తే పొరపాటు పడడం ఖాయం. 4, 5 వచ్చిన మేకలకు వెంటనే నట్టల మందు పడాలి. 3 వచ్చినవాటికీ, ముఖ్యంగా పిల్లలకూ చూడి మేకలకూ, వేయడమే క్షేమం. అయితే కంటి కలక ఉంటే పాలిపోయిన పొర కూడా ఎర్రగా కనబడి మోసం చేస్తుంది.

రక్తంలో ఎర్ర కణాల శాతాన్ని చెప్పే పీసీవీ పరీక్ష కచ్చితమైనది. ఆరోగ్యంగా ఉన్న మేకలో అది 22 నుంచి 38 వరకు ఉంటుంది. 12కు దిగితే ప్రాణాపాయమే. కానీ రెప్ప చూడడం వలెనే ఇదీ రక్తం తగ్గిందని చెబుతుందే తప్ప ఎందుకు తగ్గిందో చెప్పదు. ఆ ప్రశ్నకు, పెంటికల్లో నట్టల గుడ్లను లెక్కించే పెంటికల పరీక్ష కొంత జవాబిస్తుంది. గుడ్లు తక్కువగా ఉండి రెప్ప పాలిపోయి ఉంటే కార్జపు జలగలు, పేలు, పిడుదులు, అవి మోసుకొచ్చే రక్తపు జ్వరాలు, రాగి లేదా కోబాల్టు లోపం వంటివాటి వైపు చూడాలి. ఇంకా గుడ్లు పెట్టని పిల్ల నట్టలు కూడా రక్తం పీలుస్తాయి గనుక, గుడ్లు కనబడనంత మాత్రాన నట్టలు లేవని తీర్మానించకూడదు.

చికిత్సలో, మంద మొత్తానికి ఒకేసారి తాపించడం సులువుగా కనిపించినా, మందుకు చావని నట్టలే మిగిలి పెరగడానికి అదే రాచబాట. రెప్ప పాలిపోయినవాటికే తాపిస్తే, మందు తగలని నట్టలు మిగతా మేకల్లో ఉండి ఆ మొండి నట్టల సంతతిని పలచన చేస్తాయి. మేకల కాలేయం అనేక నట్టల మందులను గొర్రెల కన్నా వేగంగా విరిచేస్తుంది కాబట్టి గొర్రెల మోతాదు వీటికి చాలకపోవచ్చు. మోతాదును మేకను తూకం వేసి పశువైద్యుని చేతనే నిర్ణయింపజేయాలి. చూడి కట్టిన తొలి నెలలో ఆల్బెండజోల్ వాడరాదు.

ఐరన్ ఇంజెక్షన్‌కు మనవాళ్లు ఇచ్చే ప్రాముఖ్యం నాకు ఎప్పుడూ అతిగానే తోస్తుంది. రక్తం పోయే దారి మూయకుండా ఇనుము పోయడం వృథా. మూసిన తర్వాత మాంసకృత్తులున్న మంచి మేత, నీడ, విశ్రాంతి దానికన్నా ఎక్కువ పని చేస్తాయి. దవడ కింద నీరు దిగి, లేవలేక, ఆయాసపడుతున్న మేకకు మాత్రం ఇవేవీ సమయానికి అందవు. దాన్ని అదిలించి నడిపిస్తే అక్కడే ప్రాణం పోవచ్చు కాబట్టి కదిలించకుండా ఉంచి, ఆరోగ్యమైన మరో మేక నుంచి రక్తం ఎక్కించే ఏర్పాటు పశువైద్యునితో చేయించాలి. మందు వేసిన 10 నుంచి 14 రోజులకు పెంటికలను మళ్లీ పరీక్షించి, గుడ్లు 95 శాతం తగ్గకపోతే ఆ మందుకు నట్టలు లొంగడం లేదని అనుమానించి, మరో వర్గం మందుకు మారడం గురించి వైద్యుణ్ని అడగాలి.