ఆరని నూనె: సానరాయి మీద ఆరేళ్లు

సానరాయి మీద నూనె ఎందుకు వేస్తారో, ఉలిని ఎంత వాలుగా పట్టుకోవాలో చెక్క చెక్కేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. నేను చెప్పదలచుకున్నది మినరల్ ఆయిల్‌కున్న, అంటే పెట్రోలియం నుంచి తీసే నూనెకున్న, ఒకే ఒక్క గుణం గురించి. అది ఆరదు. ఆరేళ్లుగా వాడుతున్నాను, ఆ ఒక్క గుణం కోసమే వాడుతున్నాను.

దాని విలువ నాకు అవిసె నూనె వల్ల తెలిసింది. చెక్కిన బొమ్మలకు మెరుగు పెట్టడానికి తెచ్చుకున్న సీసా బల్ల మీదే ఉండేది. రాయికి కూడా నూనేగా కావలసింది అనుకుని అదే పోశాను. మొదట్లో ఏ లోపమూ కనిపించలేదు. ఉలి చక్కగా పట్టింది, వాదర తేరింది. ఆ తర్వాత మూడు వారాలు పని ముట్టుకోలేదు. తిరిగి వచ్చి చూస్తే రాయి పసుపు పచ్చగా, వార్నిష్ పూసినట్టు నున్నగా ఉంది. వంపు ఉలి దాని మీద చప్పుడు లేకుండా జారిపోయింది. ఇంకాస్త నూనె పోశాను, ఇంకా జారింది. గట్టిగా నొక్కి రుద్దితే పదును రాలేదు సరికదా, ఉలి అంచు మూల ఒకటి గుండ్రంగా అరిగిపోయింది.

అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పొరగా మారుతుంది. ఆ చర్యలో వేడి కూడా పుడుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు, దయచేసి పరచి ఆరబెట్టండి. బొమ్మకు రక్షణగా నిలిచే ఆ పొరే రాతిలోని సన్నని రంధ్రాలను పూడ్చి, ఉక్కు రజనును లోపలే బంధించేసింది. నాలుగు రోజులు కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్‌తో తోమాను. గట్టిపడిన పొర కిరోసిన్‌కు లొంగలేదు. చివరికి గాజు పలక మీద సిలికాన్ కార్బైడ్ అనే గరుకు పొడి చల్లి, రాయి ముఖం మొత్తం అరగదీశాక గాని పాత పట్టు తిరిగి రాలేదు. ఉలి లోపలి వంపును నూరే చిన్న రాయికి ఆ వైద్యం కుదరలేదు. దాని గుండ్రటి అంచును చదునైన గాజు మీద రుద్దితే ఆకారమే పోతుంది. ఆ రాయిని అలా పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మినరల్ ఆయిల్‌కు మారాక ఒకసారి రాయిని రెండు నెలలు ముట్టుకోలేదు. భయపడుతూ గుడ్డ విప్పి తుడిచాను. మొదటి రాపిడికే గరగరమని పట్టింది. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన సంతోషం చిన్నది కాదు. కొబ్బరి నూనె కూడా ఇలా పొర కట్టదు. కాని దాదాపు 24 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గడ్డకడుతుంది, పాతబడితే కంపు కొడుతుంది. మినరల్ ఆయిల్‌కు ఆ రెండు ఇబ్బందులూ లేవు.

అన్ని రాళ్లకూ ఇదొక్కటే చాలని మొదట్లో మిత్రులకు చెప్పేవాడిని. ఇప్పుడు అలా చెప్పను. మందుల దుకాణంలో లిక్విడ్ పారఫిన్ పేరుతో దొరికే మినరల్ ఆయిల్‌లో చిక్కనిది, పలుచనిది అని రెండు రకాలున్నాయి. చిక్కనిది అల్యూమినియం ఆక్సైడ్‌తో చేసిన, ఇండియా రాయి అని పిలిచే గరుకు సానరాయి మీద బాగానే పనిచేస్తుంది. అమెరికాలో దొరికే, సన్నని రేణువులున్న అర్కన్సా రాయి మీద మాత్రం ఉలి రాతిని తాకకుండా నూనె మీదే తేలుతుంది. అందుకే ఆ రాయికి సగం కిరోసిన్ కలుపుతున్నాను. కిరోసిన్ వాసన నాకు పడదు, చేతుల చర్మం పొడిబారుతుంది, దగ్గరలో నిప్పు ఉండకూడదు. ఇంకొకటి: ఉలిని తుడవకుండా చెక్క మీద పెడితే ఈ నూనె అక్కడా ఆరదు. లేత రంగు చెక్క మీద చేసిన ఒక ముఖానికి చెంప దగ్గర మరక పడింది. దాని మీద రంగు సమంగా అంటలేదు. అప్పటి నుంచి నూరిన ప్రతి ఉలినీ పొడి గుడ్డతో తుడిచి, తోలు పట్టీ మీద రుద్దాకే చెక్క దగ్గరికి తెస్తున్నాను.

నేను తీరిక దొరికినప్పుడే చెక్కుతాను, రాయి వారాల తరబడి ఖాళీగా ఉంటుంది. కనుక నాకు ఇంతకంటే సరైన నూనె లేదు. రోజూ నూరి, రోజూ రాయిని కడిగిపెట్టే వారికి ఈ తేడా ఇంతగా తెలియకపోవచ్చు. నూనెకు బదులు నీళ్లతో తడిపే నీటిరాళ్లు వాడేవారికి దీని అవసరమే లేదు. లోపలి వంపు కోసం ఈమధ్య మరో చిన్న రాయి తెచ్చుకున్నాను. దాని మీద మొదటి చుక్క నుంచీ పలుచని మినరల్ ఆయిలే వేస్తున్నాను.